మడతపడిన వాదర

కత్తి దవడ మలుపు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పట్టేసింది.

కుర్చీలో వెనక్కి వాలి ఉన్న ఫిలిప్పో కళ్ళు మూసుకునే ఉన్నాడు. కానీ మీద కప్పిన తెల్లగుడ్డ కింద అతని చేతులు కుర్చీని ఎంత గట్టిగా పట్టుకున్నాయో రొసారియోకి తెలుస్తూనే ఉంది. తను చెయ్యవలసినవన్నీ చేశాడు. వేడి తువ్వాలు రెండుసార్లు వేశాడు. బ్రష్షుతో గుండ్రంగా తిప్పి తిప్పి నురగ పట్టించాడు. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని చెవి వైపుకి లాగి పట్టుకున్నాడు. వెంట్రుక వాలునే గీస్తున్నాడు. అయినా ఆ కత్తి కొయ్యడం లేదు, పీకుతోంది. ఇంకాస్త నొక్కితే పోతుందేమో అనిపించింది. నొక్కకూడదని తెలుసు. కొత్తవాళ్ళు చేసే తప్పుల్లో మొదటిది అదేనని మావయ్య మూడు వారాలుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు. తెలిసే నొక్కాడు. నురగలోంచి సన్నటి ఎర్రగీత ఒకటి పైకి వచ్చింది.

“అయిపోయిందా?” అన్నాడు ఫిలిప్పో కళ్ళు తెరవకుండానే. “గడ్డం సంగతి కాదయ్యా. నేను అయిపోయానా అని అడుగుతున్నా.”

కిటికీ పక్కన బెంచీ మీద పేపరు పట్టుకుని కూర్చున్న ముసలి వీటో కిసుక్కున నవ్వాడు. వీటో ఒకప్పుడు మిల్లులో నేతపని చేసినవాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఈ షాపుకి వస్తాడు, ఉచితంగా పేపరు చదువుతాడు, ఎవరి గడ్డం ఎలా కుదిరిందో తీర్పు చెప్పి ఇంటికి పోతాడు.

“కదలకండి ఫిలిప్పో గారూ. చిన్న గాటే,” అంటూ రొసారియో పటిక ముక్క తడిపి అద్దాడు. ఫిలిప్పో బుసకొట్టాడు.

పక్క కుర్చీ దగ్గరినించి కలోజెరో వచ్చాడు. షాపు ఆయనది. అరవయ్యెనిమిదేళ్ళ మనిషి, చొక్కా చేతుల మడత ఏనాడూ నలగదు. లారెన్స్ ఊళ్ళో, కామన్ స్ట్రీట్‌లో ఉన్న మగవాళ్ళలో సగం మంది మెడలు నలభై ఏళ్ళుగా ఆయన చేతికిందివే. రొసారియో భార్య అగాతాకి స్వయానా బాబాయి, రొసారియోకి మావయ్య. ఫిలిప్పో ముఖం మీదికి వంగి, గాటు ఎక్కడుందో కంటితో కాకుండా వేలితో వెతికాడు.

“ఇది కత్తి పట్టుకోవడమా అల్లుడూ? కత్తి నిలబెట్టేశావు. దాని వీపు చెంపకి రెండు కాసుల ఎత్తులో ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను? నురగ చూడు, ఆరి అట్టకట్టింది. చర్మం వదిలేశావు, పైగా నొక్కావు. ఇరవై రెండేళ్ళు మగ్గాలు బాగుచేశానంటావు, ఒక్క మనిషి చెంప బాగుచెయ్యలేవు.”

ఆ మాటలు షాపులో నలుగురూ వినేంత గట్టిగానే అన్నాడు. రొసారియో పుట్టిపెరిగింది ఈ వీధిలోనే. పోయిన వసంతంలో ఉన్ని మిల్లు మూతపడేదాకా, తెగిన దారాలూ బిగుసుకున్న చక్రాలూ ఏ మగ్గానికి జబ్బు చేసినా మనుషులు అతని కోసమే వచ్చేవారు. ముప్ఫై ఎనిమిదో ఏట ఇలా తల దించుకుని నిలబడవలసి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

“జరుగు,” అని కలోజెరో తన కత్తి తెచ్చుకుని రెండో చెంప తానే మొదలుపెట్టాడు. పెద్దాయన చెయ్యి పడగానే ఫిలిప్పో హాయిగా నవ్వి, “ఆహా, ఇదీ చెయ్యంటే,” అన్నాడు. వీటో కూడా పేపరు వెనకనించి ఆమోదంగా గొంతు సవరించాడు. రొసారియో మాత్రం కిందికి చూస్తున్నాడు గనక ఒక సంగతి కనిపించింది. ఆహా అన్న ఫిలిప్పో కాలివేళ్ళు మెత్తటి బూటులోపల ముడుచుకుపోతున్నాయి. బూటు ముందుభాగం మీది తోలు పైకి లేచి లేచి దిగుతోంది.

ఫిలిప్పో వెళ్ళిపోయాక కలోజెరో చేతులు కడుక్కుంటూ చెప్పాడు. “మంగళవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కత్తి కింద పెట్టెయ్. తువ్వాళ్ళు ఉతుకు, జుట్టు ఊడువు, తినడానికి లోటు చెయ్యను. మంగలిపని లైసెన్సు కాయితం మీద నా సంతకం మాత్రం అడక్కు. నీ చెయ్యి కోస్తుందని ఒక్కసారి పేరు పడిందంటే ఈ వీధిలో ఎవడూ నీ ముందు మెడ చాపడు.”

పేరు అప్పటికే పడిపోయిందని రొసారియోకి తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు అతను తన కత్తిని గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్ళాడు. అడిగే తీసుకెళ్ళాడు. “నీ ముఖమే కోసుకుంటావా? కోసుకో, ఫిర్యాదు చేసేవాడుండడు,” అన్నాడు మావయ్య.

వంటింట్లో బీన్సు ఉడుకుతున్నాయి. అగాతా రొట్టె కోస్తోంది. రొసారియో గోడకున్న చిన్న అద్దం కిటికీ దగ్గరికి మార్చి, గిన్నెలో వేడినీళ్ళు పెట్టుకుని చొక్కా విప్పాడు.

“మళ్ళీనా?” అంది అగాతా. పొద్దున ఏం జరిగిందో ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది. బేకరీలో రొట్టె కొనడానికి వెళ్తే ఫిలిప్పో గడ్డానికి కాయితం ముక్క అంటించుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ నిలబడ్డాడు.

“మగ్గం చెడిపోతే ఏం చేసేవాణ్ణో తెలుసా?” అన్నాడు రొసారియో బ్రష్షు తడుపుతూ. “ఒకేసారి నాలుగు మరలు తిప్పేవాడు వెధవ. ఒక్కటి మార్చాలి. ఆగి చూడాలి. అది కాదంటే దాన్ని ఉన్నచోటే పెట్టి ఇంకొకటి మార్చాలి. మావయ్య నాలుగు తప్పులు చెప్పాడు. నాలుగూ చూస్తాను.”

మొదట నురగ. సబ్బు తక్కువా నీళ్ళు ఎక్కువా అయితే నురగ బుడగల్లా పేలిపోతుంది. నీళ్ళు తక్కువైతే అట్టకడుతుంది. చుక్క చుక్క కలుపుకుంటూ, పెరుగు మీగడలా నిగనిగలాడేదాకా తిప్పాడు. కుడి చెంప మీద చెవి దగ్గర అంగుళం మేర గీశాడు. పీకింది. ఆ తరవాత చర్మం. గీసే చోటికి పైన వేళ్ళు పెట్టి డోలు చర్మంలా బిగించాడు. పీకింది. తరవాత కోణం. వీపు చెంపకి తాకేంత వాల్చాడు, జారిపోయింది తప్ప తెగలేదు. కొద్దికొద్దిగా లేపుతూ పోయాడు. ఎక్కడా తెగలేదు, ఒకచోట మాత్రం గీరుకుంది. ఆఖరున బరువు. కత్తిని రెండు వేళ్ళ మధ్య వేలాడదీసినట్టు పట్టుకుని, దాని బరువుతో దాన్నే నడవనిచ్చాడు. దవడ మలుపు దగ్గర ఆగిపోయింది.

నాలుగూ అయిపోయాయి. ముఖం మంటెక్కి పోతోంది. అగాతా చేతిలో రొట్టె కత్తి పక్కన పెట్టి, తడిగుడ్డ ఇచ్చింది.

నాలుగూ కాదంటే ఐదోది ఉండాలి. మిల్లులో అయినా అంతే. మనిషి చెప్పిన కారణాలన్నీ అయిపోయాక, మనిషి చెప్పనిది ఒకటి మిగులుతుంది. రొసారియో బీరువా అడుగునించి తన పాత పనిపెట్టె తీశాడు. అందులో గుడ్డలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టుకునే మడత భూతద్దం ఉంది. కత్తిని కిటికీ వెలుగులో పెట్టి, భూతద్దంలోంచి దాని అంచుని ఆ చివరినించి ఈ చివరికి చూశాడు.

అంచు నిటారుగా లేదు. డబ్బా మూత కోసినప్పుడు రేకు ఒకవైపుకి వాలినట్టు, వాదర పొడుగునా ఒకే పక్కకి మడతపడి ఉంది.

“నేను చేశానా?” అన్నాడు పైకే. చెయ్యడానికి వీల్లేదు. ఆ షాపులో కత్తులకి పదును తెచ్చే తోలుపట్టీ ముట్టుకునే హక్కు ఒక్కరిదే. కత్తులు ఎన్నున్నా, ఎవరివైనా, పొద్దున్నే వాటిని పట్టీ మీద సాపుచేసేది కలోజెరో ఒక్కడే. మూడు వారాల్లో రొసారియో ఆ తోలుని వేలితోనైనా తాకలేదు.

“ఏం చేశారు?” అంది అగాతా.

“ఏం లేదు. బీన్సు మాడుతున్నట్టున్నాయి చూడు,” అన్నాడు.

శుక్రవారం పొద్దున అతను మామూలుకంటే అరగంట ముందు వెళ్ళి, నేల తుడుస్తున్నట్టు కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

కలోజెరో కత్తులన్నీ వరసగా పరిచాడు. గోడ కొక్కేనికి వేలాడే తోలుపట్టీని ఎడమచేత్తో బిగలాగి, మొదటి కత్తి అందుకున్నాడు. వీపు ముందు, అంచు వెనక, అటునించి ఇటు ఒక లాగు. చివర్న కత్తిని వీపు మీద దొర్లించి ఇటునించి అటు ఇంకో లాగు. చెయ్యి వేగంగా అలవాటుగా పోతోంది. చూసేవాళ్ళకి ముచ్చటే. మగ్గాల హోరుకి రొసారియో చెవులు సగం పోయాయి గనక ఆ చప్పుడు అతనికి సరిగ్గా వినపడదు. అతను మణికట్టుని చూస్తున్నాడు. పట్టీ దగ్గరి చివర, పెద్దాయన పక్కగా చూసేచోట, మణికట్టు ప్రతిసారీ ఒక్క రవ్వ ముందే తిరుగుతోంది. తోలు అయిపోయిందనుకుని తిప్పేస్తున్నాడు. తోలు ఇంకా అంగుళం ఉంది. ఆ అంగుళంలో కత్తి వీపు లేచి అంచు మీద దొర్లుతోంది.

ఒక్కసారి జరిగితే పొరపాటు. అతను నిలబడి ముప్ఫై దాకా లెక్కపెట్టాడు. ముప్ఫైసార్లూ అదే అంగుళం.

కలోజెరో తన నెత్తినించి ఒక నెరిసిన వెంట్రుక పీకి, వేళ్ళ మధ్య వేలాడదీసి కత్తి అంచుకి ఆనించాడు. పదునుంటే ఆనీ ఆనకముందే అది తెగి పడాలి.

“చూశావా?” అన్నాడు తృప్తిగా. “గాలికి తెగినట్టు తెగింది. కత్తి ఇలా చేసి చేతికిస్తుంటే, నువ్వేమో దాంతో దొండకాయలు తరిగినట్టు తరుగుతావు.”

వెంట్రుక తెగలేదు. ఆయన వేళ్ళ మధ్య పూర్తిగా, పొడుగ్గా, నిక్షేపంగా వేలాడుతోంది. ఆయన దాన్ని ఊదేసి రెండో కత్తి అందుకున్నాడు.

 నిన్నటినించి రొసారియో లోపల రగులుతున్న కోపం ఎక్కడికి పోయిందో పోయింది. అయ్యో అనిపించింది. చేతిలో కర్రతో తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

ఆ అయ్యో ఒక్కరోజే నిలిచింది. శనివారం షాపు కిటకిటలాడుతున్న వేళ ఫిలిప్పో వచ్చాడు. దవడ మీద గాటు ఎండి పొక్కు కట్టింది. రొసారియో కుర్చీ ఖాళీగా ఉన్నా దాన్ని చుట్టుతిరిగి వెళ్ళి పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. “అపార్థం చేసుకోకు నాయనా. మా ఆవిడకి ఈ వయసులో విధవరాలవడం ఇష్టం లేదట,” అన్నాడు. బెంచీ మీదున్న వాళ్ళంతా గొల్లుమన్నారు.

రొసారియో నవ్వినట్టు ముఖం పెట్టి, వెనకగోడ దగ్గరికి వెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టాడు. వాళ్ళకి వీపు పెట్టి నిలబడ్డాడు గాని, ఎదురుగా నిలువుటద్దం ఉంది. అందులో కలోజెరో కిందికి వంగి ఫిలిప్పో చెవిలో ఏదో చెబుతున్నాడు. అల్లుడికి సగం చెవుడు గదా అని గొంతు కూడా పెద్దగా తగ్గించుకోలేదు.

ఆయన ఏనాడూ మిల్లులో పనిచెయ్యలేదు. చేసుంటే ఆ తప్పు చేసేవాడు కాదు. వంద మగ్గాలు ఒక్కసారి కొట్టుకునే చోట మాట ఎవరికీ వినపడదు. అక్కడ మనుషులు పెదాలు చూసి మాట్లాడుకుంటారు. ప్రేమలూ, తగువులూ, సమ్మె కబుర్లూ అన్నీ అలాగే సాగుతాయి. పదహారో ఏట మిల్లులో చేరిన రొసారియోకి, అద్దంలో తిరగబడి కనిపించినా పెదవుల మీది మాట అచ్చులో ఉన్నట్టే కనిపిస్తుంది.

“పట్టీ ముట్టుకోవద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను,” అంటున్నాయి మావయ్య పెదాలు. “నేను అటు తిరగ్గానే తీసి రుద్దేస్తున్నాడు. నా కత్తులు కూడా పాడుచేశాడు. ఏం చెయ్యను, అన్న కూతురి మొగుడాయె. బయటికి పొమ్మంటే పిల్ల ఏడుస్తుంది.”

“అనుకున్నా, అతని పనే అయ్యుంటుందని,” అన్నాయి ఫిలిప్పో పెదాలు.

రొసారియో చేతిలో గిన్నె నీళ్ళలోకి జారిపోయింది. తలెత్తేసరికి అద్దంలో ఇంకో ముఖం కనిపించింది. బెంచీ మీది వీటో సూటిగా అతన్నే చూస్తున్నాడు. వీటో కూడా మిల్లువాడే. రొసారియో ఏం చూశాడో వీటోకి తెలిసింది. తెలిసినవాడు పేపరు పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదివారం చర్చినించి వచ్చాక రొసారియో పనిపెట్టెలోంచి మిల్లు తోలు ఒకటి తీశాడు. మగ్గానికి కట్టే మందపాటి పట్టా, నూనె తాగి తాగి నల్లబడింది. దాన్ని తలుపు గడియకి కట్టి బిగలాగి, కత్తిని మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. వేగం లేదు. ప్రతి లాగు చివరా ఆగి, కత్తిని వీపు మీదే దొర్లిస్తున్నాడు. అరవై లాగులయ్యాక భూతద్దంతో చూశాడు. మడత సగం లేచింది. ఇంకో అరవై. ముంజేతి మీది వెంట్రుకలకి ఆనించాడు. ఆనగానే రాలిపోయాయి.

పొయ్యి మీద టమోటా సాసు కలుపుతున్న అగాతా గరిటె పట్టుకునే వచ్చి చూసింది. అతని గడ్డం మూడు రోజులదై మాసి ఉంది. కావాలనే ఉంచుకున్నాడు.

“మా బాబాయి కళ్ళేనా?” అంది.

అతను తలెత్తాడు. తను ఏమీ చెప్పలేదు.

“ఈస్టర్ రోజున వైను గ్లాసు పక్కన పోశాడు. అందరం తాగి ఎక్కువైందని నవ్వాం. ఆయన అప్పటికి ఒక్క చుక్కా తాగలేదు.” గరిటెనించి సాసు నేల మీద పడుతున్నా ఆవిడ చూసుకోలేదు. “ఆ మాట మీ నోట రానివ్వకండి. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆయన. ఆ షాపు తప్ప ఆయనకి ఇంకేం లేదు.”

“మరి నాకేముంది?” అన్నాడు రొసారియో. గొంతు పెంచలేదు. “కత్తులు నేను పాడుచేస్తున్నానని షాపులో చెబుతున్నాడు అగాతా. నేను చూస్తుండగా చెప్పాడు. కళ్ళు పోతే పాపం అనుకుంటాను, ఆయన బదులు నేనే కత్తులు సాపుచేసి పెడతాను. కానీ తప్పు నా నెత్తిన రుద్ది, నన్ను తువ్వాళ్ళు ఉతకమంటున్నాడు. మిల్లు పోయింది. ఈ పని కూడా చేతకాదని పేరుపడితే ఈ వీధిలో నేను ఏ ముఖం పెట్టుకుని తిరగను?”

అగాతా గరిటె గిన్నెలో పెట్టింది. తరవాత కింద పడిన సాసు గుడ్డతో తుడుస్తూ, “చెప్పకండి,” అంది మళ్ళీ. “చూపించండి. ఆయన చేతికి తెలుస్తుంది.”

సోమవారం షాపుకి సెలవు. అయినా కలోజెరో పొద్దున్నే వచ్చి సీసాలు తుడుచుకుంటాడని తెలుసు. రొసారియో తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, కోటు తగిలించి, తిన్నగా పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు.

“గడ్డం చెయ్యండి మావయ్యా.”

“సెలవు రోజునా?”

“ఎలా చెయ్యాలో నా ముఖం మీదే నేర్చుకుంటాను. కుడి చెంప మీ కత్తితో, ఎడమ చెంప నా కత్తితో చెయ్యండి. రెంటికీ తేడా చూస్తాను.”

అడిగిన తీరు పెద్దాయనకి నచ్చింది. శిష్యుడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందనుకున్నట్టుంది. తువ్వాలు వేశాడు, నురగ పట్టించాడు. ఆ వేళ్ళు ముఖం మీద తిరుగుతుంటే రొసారియోకి ఒప్పుకోక తప్పలేదు, అలాంటి చెయ్యి ఊళ్ళో ఇంకొకటి లేదు. చర్మం ఎక్కడ బిగించాలో, వెంట్రుక ఎటు తిరిగిందో ఆ వేళ్ళు చూడకుండానే కనిపెడుతున్నాయి. తరవాత కుడి చెంప మీద కత్తి పడింది.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రొసారియో కదల్లేదు. కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. అప్పుడతనికి ఫిలిప్పో బూటు గుర్తొచ్చింది. కలోజెరో ఏదో పాట గొణుక్కుంటూ గీసుకుపోతున్నాడు. దవడ మలుపు దగ్గర కత్తి పట్టేసింది, చెంప మీద ఒక గాటు పడింది. ఆయన చూడలేదు.

కుర్చీ అవతలి వైపుకి వచ్చి, రొసారియో తెచ్చిన కత్తి అందుకున్నాడు. చెవి దగ్గర పెట్టి ఒక్క గీత గీశాడు. పాట ఆగిపోయింది.

ఇంకో గీత గీశాడు, ఈసారి చిన్నది. కత్తి చప్పుడు లేకుండా జారిపోయింది. ఆయన కత్తిని పైకెత్తి ముఖం దగ్గరగా, ఇంకా దగ్గరగా, ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. బొటనవేలి గోటి మీద అంచుని ఆనించాడు. తరవాత తన కత్తి తీసి అదే గోటి మీద పెట్టాడు. ఆయన ముఖంలో రంగు మారడం రొసారియో కుర్చీలోంచే చూశాడు.

“దీన్ని ఎవరు సాపుచేశారు?”

“నేనే. మీ పట్టీ మీద కాదు. మిల్లు తోలు మీద.”

కలోజెరో రెండు కత్తులూ మడిచి బల్ల మీద పెట్టాడు. కుడి చెంప తడిమాక గాని రక్తం సంగతి తెలియలేదు ఆయనకి, వేళ్ళు తడి అయ్యాయి గనక. ఆ వేళ్ళని చాలాసేపు చూసుకున్నాడు.

“ఇంటికి పో,” అన్నాడు.

“మావయ్యా...”

“పో అన్నానా.”

ఒక చెంప రెండు గీతల మేర నున్నగా, మిగతాదంతా నురగతో, ఇంకో చెంప గాట్లతో రొసారియో తన కత్తి తీసుకుని వీధిలోకి వచ్చాడు. రేపు రమ్మన్నాడో వద్దన్నాడో తెలియలేదు.

మంగళవారం షాపు తెరిచే వేళకి వెళ్ళాడు. కలోజెరో పలకరించలేదు, పొమ్మనలేదు. అప్పటికే కత్తులన్నీ బల్ల మీద వరసగా ఉన్నాయి. తోలుపట్టీ మాత్రం కొక్కేనికి కదలకుండా వేలాడుతోంది. వాటిని ఎవరూ సాపుచెయ్యలేదు. పెద్దాయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రొసారియో ఒక్క క్షణం ఆగి, తన జేబులోంచి గుడ్డలో చుట్టిన కత్తి తీసి వాటి పక్కన పెట్టాడు.

వీటో వచ్చి పేపరు తీసుకున్నాడు. అతని వెనకే ఫిలిప్పో వచ్చి పెద్దాయన కుర్చీలో వాలాడు. రొసారియో ముఖం మీది గాట్లు చూసి ఈల వేశాడు. “ఇప్పుడు నీ మీద నువ్వే పడ్డావా? మా అందరికీ ప్రాణగండం తప్పింది.”

కలోజెరో అతనికి తెల్లగుడ్డ కట్టాడు. తువ్వాలు తీసి, నురగ పట్టించాడు, చెవినించి చెవి దాకా, ఎప్పటిలాగే. బల్ల మీద చెయ్యి తడిమి రొసారియో కత్తి తీసుకుని తెరిచాడు. ఫిలిప్పో కళ్ళు మూసుకున్నాడు. పెద్దాయన కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తరవాత పక్కకి తిరిగి, ఆ కత్తిని పిడివైపునించి రొసారియో చేతిలో పెట్టాడు.

“ఈయన చేస్తాడు,” అన్నాడు. నిన్నటిదాకా అల్లుణ్ణి ‘నువ్వు’ అన్న మనిషి ‘ఈయన’ అనడంతో వీటో పేపరు కిందికి దిగింది. “ఫిలిప్పో, నీ దవడ మీది గాటు ఈయన వల్ల కాదు. కత్తి పాడుచేసింది నేను. నాకు అంచు కనపడటం లేదు. ఈస్టర్‌నించీ కనపడటం లేదు. ఈయన పట్టీ ముట్టుకున్నాడని నీతో అబద్ధం చెప్పాను.”

అది చెప్పడానికి ఆయనకి ఎంత కష్టమైందో గొంతే చెప్పింది.  రొసారియో ఇన్నాళ్ళూ కావాలనుకున్న మాట అదే. విన్నాక, ఆయన ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఫిలిప్పో కళ్ళు తెరిచాడు. ఇబ్బందిగా నవ్వాడు.

“ఇప్పుడు అదంతా ఎందుకు పెద్దాయనా? మాకు తెలియదా?”

“ఏం తెలుసు?”

“ఈస్టర్‌నించీ మీ చేతికింద మేం పడుతున్నది మాకు తెలియదా? వీటోకి తెలుసు, నాకు తెలుసు. ఈ బెంచీ మీద కూర్చునే ప్రతివాడికీ తెలుసు. మీకెవరు చెబుతారు? నలభై ఏళ్ళు మా ముఖాలు చూసిన మనిషి మీరు.” నురగలోంచి కళ్ళు తిప్పి రొసారియో వైపు చూశాడు. “ఇతను వచ్చాక మాకూ తేలికైంది, నెపం ఇతని మీదికి పోయింది. కుర్రవాడు గదా, ఓర్చుకుంటాడనుకున్నాం.”

వీటో పేపరు మడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

రొసారియో కత్తి పట్టుకుని నిలబడ్డాడు. కాయితం ముక్క అంటించుకుని బేకరీలో నిలబడిన ఫిలిప్పో, గొల్లుమన్న బెంచీ, ఇంట్లో తల వంచుకుని రొట్టె కోసిన అగాతా, అన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయి. ముసలివాడు భయంతో అబద్ధమాడాడు. వీళ్ళకి ఏ భయమూ లేదు. వీళ్ళకి నిజం తెలుసు, తెలిసి నవ్వారు. ఒళ్ళు భగ్గుమంది.

ఫిలిప్పో మళ్ళీ తల వెనక్కి వాల్చి గొంతు చాపాడు. “కానియ్ మరి. నురగ ఆరిపోతోంది. తప్పు నీది కాదని తేలిందిగా.”

రొసారియో ఎడమచేతి వేళ్ళు అతని చెంప మీద ఆనించి చర్మం బిగించాడు. కత్తి చెవి కిందికి తెచ్చాడు. అంచు చర్మానికి వెంట్రుక దూరంలో ఉంది. కోణం సరిగ్గా ఉంది, పదును ఉంది.  దాని కింద ఫిలిప్పో మెడ నరం కొట్టుకుంటోంది.

అతను కత్తి పైకెత్తాడు. మడిచి బల్ల మీద పెట్టాడు.

“ఇవాళ చెయ్యను.”

“అదేమిటి?” ఫిలిప్పో కళ్ళు తెరిచాడు.

“మూడు వారాలు తెలిసి తెలిసి మీరు నన్ను కోశారు ఫిలిప్పో గారూ. అంత నేను ఒక్క నిమిషంలో చెయ్యగలను. ఇవాళ కొయ్యాలనే ఉంది. అందుకే చెయ్యను. రేపు రండి.”

షాపులో ఎవరూ నవ్వలేదు.  ఫిలిప్పో పెద్దాయన వైపు చూశాడు, ఆయనైనా ఏదో ఒకటి అంటాడని.

కలోజెరో వేడి తువ్వాలు పిండి తెచ్చాడు. ఫిలిప్పో ముఖం మీది నురగంతా, చెవుల వెనక కూడా వదలకుండా, శుభ్రంగా తుడిచాడు. మీద కప్పిన తెల్లగుడ్డ ముడి విప్పాడు.

“ఆయన రేపంటే రేపే,” అన్నాడు. “లే.”